జవాబు ఇవ్వాల్సిన గంట

నిజామాబాద్ నుంచి సముద్రం ఎటువైపు దగ్గరో నాకు ఇప్పటికీ సరిగ్గా తెలియదు. ఎటు చూసినా దూరమే. అలాంటి ఊళ్లో కూర్చుని నా జీవితమంతా పాత ఆవిరి ఓడల ఇత్తడి సామాను కొన్నాను, బాగుచేశాను, సేకరించేవాళ్లకు అమ్మాను. దిక్సూచులు, సూర్యుడి ఎత్తు కొలిచే సెక్స్‌టెంట్లు, ఓడ గడియారాలు, దూరదర్శినులు. ఏం పని చేస్తావని ఎవరైనా అడిగితే మొదట్లో వివరంగా చెప్పేవాణ్ణి. తర్వాత ఓపిక తగ్గి, ఇత్తడి పని అని ఊరుకున్నాను. నాకు పిల్లనిచ్చిన మామ పోయేదాకా నేను బిందెలకు మాట్లు వేస్తాననే నమ్మాడు. ఆయన నమ్మకాన్ని చెడగొట్టడం ఎందుకని నేనూ ఏమీ అనలేదు.

ఇప్పుడు షాపు మూసేశాను. వేళ్లు వణుకుతున్నాయి. ఇత్తడి మీద సన్నగా చెక్కిన అంకెలు భూతద్దం పెట్టినా అలుక్కుపోయి కనిపిస్తున్నాయి. ఈమధ్య మన ఊళ్లోనే ఇద్దరు ముగ్గురు పిల్లలు ఫోన్లలో ఫొటోలు పెట్టి ఇదే సామాను అమ్ముతున్నారు. వాళ్లలో ఒకడు వచ్చి, అంకుల్, మీ అనుభవాలు చెప్పండి, వీడియో తీస్తా అన్నాడు. కెమెరా ముందు నాకు మాట రాదు, రాసి ఇస్తానన్నాను. వాడు చదువుతాడన్న ఆశ పెద్దగా లేదు. అయినా మాట ఇచ్చాను కాబట్టి రాస్తున్నాను. ఎంత సంపాదించాను, ఎవరు సన్మానం చేశారు అనేవి ఇందులో ఉండవు. సన్మానం ఎవరూ చేయలేదు కూడా.

ముందు కూర్చో, చెయ్యి తర్వాత

మా అమ్మ బీడీలు చుట్టేది. నేను పదో తరగతి తప్పాను. బీడీ ఆకు కత్తిరించడం నాకు చేతకాదని తేలాక, పాత బజారులో ఇత్తడి వ్యాపారం చేసే ఖాదర్ సాబ్ దగ్గర పెట్టారు. బొంబాయిలో ఓడలు విరగ్గొట్టిన తుక్కు ఆయనకు రైల్లో వచ్చేది. అదంతా కరిగించి బిందెలు, చెంబులు పోసేవాళ్లకు పంపాలి. ఆ తుక్కులో అప్పుడప్పుడు అంకెలు చెక్కిన పళ్లెం, అద్దం పగిలిన దిక్సూచి దొరికేవి. ఖాదర్ సాబ్ వాటిని కొలిమికి పోనివ్వకుండా పక్కన పెట్టేవాడు. మొదట్లో ఎందుకు పెడుతున్నాడో ఆయనకే తెలియదని నా అనుమానం. చూడ్డానికి బాగున్నాయని పెట్టాడు, అంతే. తర్వాత హైదరాబాద్ నుంచి ఒకాయన వచ్చి అవి కొనుక్కుపోయాక అది వ్యాపారం అయింది.

ఖాదర్ సాబ్ మంచి యజమాని అని నేను అనను. నోరు మంచిది కాదు. సెలవు అడిగితే జ్వరం వచ్చినవాడిలా ముఖం పెట్టేవాడు. నేను ఆయన దగ్గర ఉన్నన్నాళ్లూ నా పని బాగుందని ఒక్కసారి కూడా అనలేదు. కానీ ఒక అలవాటు నేర్పాడు. కొత్త వస్తువు షాపులోకి రాగానే నన్ను దాని ముందు కూర్చోబెట్టి, చేతులు వెనక్కి కట్టుకోమనేవాడు.

"ముందు కూసో బేటా. కండ్లతోని సూడు. చెయ్యి తర్వాత."

అలా కూర్చుని చూడటమే నా చదువు. ఏ మర తల మీద గాటు కొత్తగా ఉంది, ఏ పిడి మీద బొటనవేలు ఆనిన చోట ఇత్తడి అరిగింది, ఏ అద్దం తర్వాత మార్చారు. ఏళ్ల తరబడి ఒకే మనిషి పట్టుకున్న వస్తువు మీద ఆ మనిషి చెయ్యి ఎక్కడ ఉండేదో తెలుస్తుంది. ఖాదర్ సాబ్ ఓడ ఎక్కలేదు. నేనూ ఎక్కలేదు. కానీ ఆ చేతుల సంగతి మాకు తెలిసేది.

ఇప్పటి పిల్లలు వస్తువు రాగానే మరలు విప్పేస్తారు. విప్పితే గానీ లోపల ఏముందో తెలియదంటారు. విప్పాక బయట ఏముండేదో మరి తెలియదు.

చింతపండు

మన ఇళ్లలో ఇత్తడి నల్లబడితే పరువు తక్కువ. చింతపండు, ఇటుక పొడి పెట్టి తోమి తళతళలాడించిన ఇల్లాలికే పేరు. నా వ్యాపారాన్ని దొంగల కంటే, దళారుల కంటే ఎక్కువ ముంచింది ఈ చింతపండే.

మన టౌన్‌లో ఒక డాక్టరు గారు ఉండేవారు. ఆయనకు నా దగ్గర కొన్న సెక్స్‌టెంట్ అంటే ప్రాణం. ఆదివారాలు మేడ మీద నిలబడి సూర్యుణ్ణి కొలిచేవారు. రోగులు కింద కూర్చుని, డాక్టరుకు ఏమన్నా అయిందేమోనని భయపడేవాళ్లట. ఒక దసరాకి ఆయన ఊళ్లో లేరు. ఆయుధపూజకని వాళ్లమ్మ గారు ఇంట్లో ఉన్న ఇత్తడి, ఇనుము అన్నీ బయటికి తీశారు. కత్తిపీట, కుట్టుమిషన్, కొడుకు స్టెతస్కోపు, దాంతోపాటు సెక్స్‌టెంట్. మిగతావాటికి పసుపు, కుంకుమ పెట్టి వదిలేశారు. సెక్స్‌టెంట్ మరీ నల్లగా ఉందని జాలిపడి, పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా చింతపండుతో తోమారు.

దాని వంపు మీద సన్నటి వెండి పట్టీ ఉంటుంది. కంటికి ఆనీ ఆనని గీతలు దాని మీదే ఉంటాయి. ఆ గీతలే దాని ప్రాణం. డాక్టరు గారు తువ్వాల్లో చుట్టి తెచ్చి నా బల్ల మీద పెట్టినప్పుడు, ఆ పట్టీ అద్దంలా ఉంది. గీత ఒక్కటి లేదు. పళ్ల చక్రాల నిండా కుంకుమ. వెంట వాళ్లమ్మ గారు కూడా వచ్చారు. నా ముఖం చూసి కాస్త అనుమానంగా అడిగారు.

"మంచిగ మెరుస్తలేదా బిడ్డా?"

మెరుస్తోందమ్మా అన్నాను. డాక్టరు గారు కిటికీలోంచి బజారు వైపు చూస్తూ ఉండిపోయారు. కుంకుమ మాత్రం తీసి ఇచ్చాను. అంతకంటే చేయగలిగింది లేదు.

ఆ రోజు కోపం వచ్చింది, నిజమే. ఇప్పుడు రావడం లేదు. ఆవిడ చేసింది ప్రేమతోనే. నా వయసు వచ్చేసరికి తెలిసిందేమిటంటే, నా బల్ల మీదికి చచ్చి వచ్చిన వస్తువుల్లో సగం అలా ప్రేమగా చూసుకున్నవే. మిగతా సగం, ఎవరూ పట్టించుకోక అటకల మీద పడి ఉన్నవి, ఎంచక్కా బతికి వచ్చాయి.

కొనేవాళ్ల గురించి

కొత్త సామానుకు ముసలితనం పూయడం ఇప్పుడు పెద్ద పరిశ్రమ. ఉప్పు గుంటలో పాతిపెడతారు, యాసిడ్ నీళ్లలో ముంచుతారు, ఇంకా రాయడానికి వీల్లేని నీళ్లలో కూడా ముంచుతారు. వాసన చూస్తే చాలా వరకు తెలిసిపోతుంది. అలాంటివి నేను అమ్మలేదు. అలా అని నన్నెవరూ మెచ్చుకోలేదు. చాలామందికి అసలుదాని కంటే నకిలీయే నచ్చుతుంది. ఒక హోటలాయన చేపల వంటకాల గది గోడకు దిక్సూచి కావాలన్నాడు. చూపించాను. మధ్యలో రంధ్రం వేసి గోడ గడియారం చేసి ఇమ్మన్నాడు. చేయనన్నాను. పక్క సందులోవాడు చేశాడు. ఆ హోటల్లో నేను ఒకసారి భోంచేశాను, ఆ గడియారం ఆగిపోయి ఉంది. చేప బాగుంది.

సేకరించేవాళ్లలో నేను గౌరవించింది ఒక్క మనిషినే. కాకినాడ వైపు నుంచి వచ్చి హైదరాబాద్‌లో స్థిరపడిన ఓడ కెప్టెన్ ఒకాయన. కుర్రతనంలో ఆఖరి ఆవిరి ఓడల మీద పనిచేశాడు. అందరూ ఒక్కో వస్తువు అడిగితే, ఈయన మాత్రం జతలు అడిగేవాడు. సగం వస్తువు తనకు వద్దంటాడు. నా ఆఖరి పని ఆయన కోసం చేసిందే. అసలు ఈ రాత మొదలుపెట్టింది కూడా దాని గురించి చెప్పడానికే. మిగతావన్నీ దారిలో తగిలాయి.

తయార్ మీద ఉన్న ముల్లు

బోధన్ దాటి మోస్రా వైపు వెళ్లే దారిలో చెరుకు మీద బతికిన ఊళ్లు ఉన్నాయి. ఆ వైపు ఒక షుగర్ ఫ్యాక్టరీ ఉండేది. పేరు రాయను. మూతపడి చాలా ఏళ్లయింది. దాని తుక్కు కొన్న ఆసామి ఒకరోజు ట్రాలీ ఆటోలో ఒక ఇత్తడి స్తంభం తెచ్చి నా షాపు ముందు దించాడు. స్తంభం మీద పెద్ద పళ్లెమంత గుండ్రటి ముఖం, పక్కన పిడి. నేను దాని ముందు స్టూలు వేసుకుని, చేతులు వెనక్కి కట్టుకుని కూర్చున్నాను.

అది ఓడ ఇంజన్ టెలిగ్రాఫ్. తెలియనివాళ్ల కోసం చెబుతాను. ఓడలో ఇవి రెండు ఉంటాయి. ఒకటి పైన కెప్టెన్ నిలబడే చోట, రెండోది అడుగున ఇంజన్ గదిలో. రెండింటినీ గొలుసులు, తీగలు కలుపుతాయి. ముఖం మీద ఆర్డర్లు రాసి ఉంటాయి. ఫుల్, హాఫ్, స్లో, స్టాప్, సిద్ధంగా ఉండమనే స్టాండ్‌బై. పైన పిడి తిప్పితే కింద గంట మోగి, ముల్లు ఆ మాట మీద నిలుస్తుంది. కింద ఉన్న మనిషి తన పిడిని కూడా అదే మాట మీదికి తిప్పి జవాబివ్వాలి. అప్పుడు పైన గంట మోగుతుంది. జవాబు వచ్చేదాకా ఆ ఆర్డర్ అందినట్టు కాదు.

ఇది చెరుకు ఫ్యాక్టరీలోకి ఎలా వచ్చిందంటే, ఓడల్లో పనిచేసి నేల మీదికి వచ్చిన ఒక ఇంజనీరు తెచ్చి పెట్టించాడని చెప్పుకుంటారు. మిల్లు దగ్గర ఒకటి, బాయిలర్ దగ్గర ఒకటి. గానుగల చప్పుడులో మనిషి మాట వినబడదు. ఎంత ఆవిరి కావాలో మిల్లు దగ్గరివాళ్లు గంట కొట్టి చెబితే, బాయిలర్ దగ్గరివాళ్లు గంట కొట్టి సరే అనేవాళ్లు. నా దగ్గరికి వచ్చింది మిల్లు దగ్గరిది. రెండోది ఏమైందని అడిగితే, సాయిలు ఇంట్లో ఉంది, ఇవ్వడు అన్నాడు తుక్కు ఆసామి.

వెళ్లాను. కెప్టెన్ గారు జత అయితే తప్ప తీసుకోరు. ఫ్యాక్టరీ క్వార్టర్లలో దాదాపు అన్నీ ఖాళీ. తలుపులు ఎవరో పీక్కుపోయారు. లోపల ముళ్లచెట్లు. ఒక్క ఇంట్లోనే పొయ్యి వెలుగుతోంది. సాయిలు ఆ బాయిలర్ మీద పనిచేసి ముసలివాడైన మనిషి. ఫ్యాక్టరీ మూసేసిన రోజుల్లో, దొంగలు ఎత్తుకుపోకుండా నువ్వే దాచమని ఆఖరి అధికారి ఒకాయన దాన్ని ఈయనకు అప్పజెప్పాడట. ఆ అధికారి మళ్లీ రాలేదు. టెలిగ్రాఫ్ వసారాలో గోడకు ఆనించి ఉంది. ఎవరూ దాన్ని తోమలేదు, అది నా అదృష్టం. ముల్లు స్టాండ్‌బై మీద ఉంది.

సాయిలు నాకు టీ ఇప్పించి, అమ్మేది లేదని మర్యాదగా చెప్పాడు. స్టాండ్‌బైని వాళ్లు తయార్ అనేవాళ్లు. స్టాప్‌ని బంద్ అనేవాళ్లు. అన్నింటికంటే చివర ఇంకో ఆర్డర్ ఉంటుంది, ఇంజన్లతో ఇక పని లేదు అని. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు ఖతం. ఆ గంట ఫ్యాక్టరీలో ఎన్నడూ కొట్టలేదట.

"సీజన్ అయిపోతే ముల్లును తయార్ మీద ఇడిసిపెట్టి ఇంటికి పోతుంటిమి. ఖతం మీదికి పోనిస్తే మల్ల సీజన్ రాదంటరు. గందుకే మా పెద్దోళ్లు గూడ దాన్ని ముట్టలే," అన్నాడు సాయిలు.

ఆఖరి సీజన్ అయిపోయినప్పుడు కూడా అలాగే తయార్ మీద పెట్టి వచ్చారు. ఫ్యాక్టరీ తెరుస్తారని ఎవరో ఒకరు చెబుతూనే ఉన్నారు. ఈయన వింటూనే ఉన్నాడు.

నేను సందు మలుపు దాకా వచ్చాక ఆయన భార్య గంగామణి వెనకాలే వచ్చింది. చేతిలో బీడీల చాట అలాగే ఉంది. క్వార్టర్‌కు నీళ్లు ఆపేశారని, వానొస్తే కప్పు కింద ఒకే ఒక్క మూల పొడిగా ఉంటుందని, మొన్న బియ్యం డబ్బా వెనక పాము దొరికిందని చెప్పింది. ఏడుపు లేకుండా, కూరగాయల బేరం చెప్పినంత మామూలుగా చెప్పింది.

"నవీపేట్ల నా బిడ్డ మా కోసం అర్ర ఖాళీ వెట్టి సూస్తున్నది అన్నా. ఈయన కదలడు. ముల్లు తయార్ మీదుంటే నేను డ్యూటీల ఉన్నట్టే అంటడు. నువ్వు దాన్ని ఎట్లన్న తీస్కపో. నేను ఈ ఇంట్ల సావను."

అప్పటికే నేను అలసిపోయిన మనిషిని. ఇంటికి వచ్చి, ఈ జత గొడవ మనకెందుకు అని కూడా అనుకున్నాను. కానీ ఆవిడ ఆఖరి మాట చెవిలోంచి పోలేదు. మళ్లీ వెళ్లాను. మిల్లు దగ్గరిది నా షాపులో ఉందని చెప్పగానే సాయిలు ముఖం మారింది. అదీ ఇదీ కలిపి ఒకసారి పలికిస్తే, గంట విని అది తమదో కాదో చెబుతానన్నాడు. తమదే అయితే అప్పుడు చూద్దాం అన్నాడు. కెప్టెన్ గారిదీ అదే షరతు. జత పలికితేనే తీసుకుంటానన్నారు.

కెప్టెన్ గారి మర్యాద

వానలు మొదలయ్యే ముందు ఒకరోజు కెప్టెన్ గారు హైదరాబాద్ నుంచి కారులో వచ్చారు. నేను మిల్లు టెలిగ్రాఫ్‌ను ట్రాలీలో తెచ్చి సాయిలు ఇంటి ముందు వాకిట్లో నిలబెట్టాను. వాకిలి నుంచి వసారా దాకా గొలుసు, తీగ లాగి రెండింటినీ కలపడానికి మధ్యాహ్నం అయింది. కెప్టెన్ గారు వాకిట్లో దాని దగ్గర నిలబడ్డారు. సాయిలు వసారాలో తన దాని దగ్గర.

ఫుల్ కొట్టమన్నాను. కెప్టెన్ గారు పిడి తిప్పారు. వసారాలో గంట మోగింది. సాయిలు జవాబిచ్చాడు. వాకిట్లో గంట మోగింది. మా గంటనే, అన్నాడు సాయిలు. హాఫ్ అన్నాక హాఫ్, స్లో అన్నాక స్లో. నడుము వంగిన ఆ మనిషి పిడి పట్టుకోగానే నిటారుగా నిలబడ్డాడు. గంగామణి గడపలో నిలబడి చూస్తోంది. ఆమె ముఖంలో కూడా చిన్న నవ్వు. ఇంత కాలం నేను చేసిన పనికి అర్థం ఉందని నాకు ఆ కాసేపు అనిపించింది. బంద్ కొట్టారు, జవాబు వచ్చింది.

అప్పుడు కెప్టెన్ గారు చొక్కా సర్దుకున్నారు. ఓడ క్షేమంగా రేవు చేరాక ఇంజన్ గదికి చివరగా పంపే గంట ఒకటి ఉంటుంది. అది కొట్టడం కింద పనిచేసినవాళ్లకు ఇచ్చే గౌరవం. ఆయన దృష్టిలో సాయిలుకు అంతకంటే పెద్ద మర్యాద లేదు. అంత మర్యాదగానూ పిడిని చివరిదాకా తిప్పారు. వసారాలో గంట మోగి, ముల్లు వెళ్లి ఖతం మీద ఆగింది.

ఖతం సంగతి కెప్టెన్ గారికి నేను ముందే చెప్పి ఉండాల్సిందని మీరు అనుకోవచ్చు. అయిదారు ఆర్డర్లు పలికించి ఆపేస్తారనుకున్నాను. ఓడవాళ్ల ఆచారం నాకు ఎలా తెలియదో, ఫ్యాక్టరీవాళ్ల ఆచారం ఆయనకు అలాగే తెలియదు. సాయిలు చెయ్యి పిడి మీదే ఉంది. తిప్పలేదు. ఎవ్వలు కొట్టుమన్నరని అడిగాడు. నేను పరుగున వసారాలోకి వెళ్లి విషయం చెప్పి, మళ్లీ తయార్ కొట్టిస్తానన్నాను.

"ఎట్ల కొట్టిస్తవ్? ముంగటి గంటకు జవాబు ఇయ్యకుండ ఇంకో గంట తీసుకోరాదు. నా పని గదే గదా," అన్నాడు.

అదీ సంగతి. తయార్‌కు తిరిగి రావాలంటే ముందు ఖతానికి జవాబివ్వాలి. ఖతానికి జవాబిస్తే ఇంకేం మిగలదు. జవాబివ్వకుండా వదిలేస్తే, జన్మంతా చేసిన పనికి తప్పు చేసినట్టు. సాయిలు వెళ్లి టెలిగ్రాఫ్ ఎదురుగా అరుగు మీద కూర్చున్నాడు. ఆర్డర్ నిలిచి ఉండగా గొలుసు విప్పడానికి ఒప్పుకోలేదు. వాకిట్లో ఉన్నదాని మీద గోనెసంచి కప్పి మేం తిరిగి వచ్చేశాం.

తిరుగు దారిలో కెప్టెన్ గారిని డిచ్‌పల్లి దాకా సాగనంపుదామని ఆయన కారులోనే వెళ్లాను. రోడ్డు పక్క టీ కొట్టు దగ్గర ఆగాం. ఆయన టీ తాగలేదు. వేరేవాళ్ల ఇంజన్ గదికి గంట కొట్టే హక్కు నాకెవరిచ్చారండి, అన్నారు. నాకు కూడా ఈ పని ఇక చాలనిపించింది. వచ్చిన వారంలోనే షాపు మూసేసే ఏర్పాట్లు మొదలుపెట్టాను.

ఓడలో ఆ గంట తర్వాత ఏం చేస్తారు

వానలు పడ్డాయి. గంగామణి ఫోన్ చేసింది. ఆయన దాని ముందే కూర్చుంటున్నాడని, అన్నం అక్కడికే తెమ్మంటున్నాడని, కప్పు కారుతుంటే మంచం బదులు టెలిగ్రాఫ్‌ను, గొలుసు విప్పకుండానే, పొడి మూలకు జరిపాడని చెప్పింది. జవాబు ఇచ్చినా సరే, ఇవ్వకున్నా సరే, ఏదో ఒకటి తేల్చమంది. ఒక్కణ్ణే వెళ్లాను. నేను దాని ముందు కూర్చున్నాను. అలవాటు కొద్దీ చేతులు వెనక్కి వెళ్లాయి. సాయిలు నన్ను చూసి మొదటిసారి కాస్త నవ్వాడు. తర్వాత ఒక ప్రశ్న అడిగాడు.

"ఓడలల్ల గీ గంట కొట్టినంక, కిందున్నోళ్లు ఏం చేస్తుండె?"

జన్మంతా ఓడ సామాను అమ్మిన నాకు ఆ సంగతి తెలియదు. కెప్టెన్ గారికి ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి సాయిలు దగ్గర ఉంచాను. ఆయన నెమ్మదిగా చెప్పారు.

"జవాబిచ్చి పైకొచ్చేస్తారండి. చేతులు కడుక్కుని గాలి పీల్చుకుంటారు. ఆ గంట రాందే బాయిలర్ దగ్గర మనిషి కదలకూడదు, ఎంత వేడైనా సరే. ఒక్కోసారి పైవాళ్లు రేవు చేరిన హడావిడిలో పడి ఆ గంట కొట్టడం మర్చిపోతారు. కిందవాళ్లు అలాగే నిలబడి ఉంటారు. మా వృత్తిలో అంతకంటే పెద్ద తప్పు లేదండి. మీకు అశుభమని నాకు తెలియదు, క్షమించండి. మాకు మాత్రం అది వదిలిపెట్టే గంట."

సాయిలు సరే సారూ అన్నాడు. నేను ఫోన్ పెట్టేశాను. వాన వెలిసింది. దూరంగా ఫ్యాక్టరీ పొగగొట్టం తడిసి నల్లగా కనిపిస్తోంది. సాయిలు దాని వైపే చూస్తూ కూర్చున్నాడు.

"గట్లైతే మాకు ఎవ్వరు కొట్టలే అన్నా," అన్నాడు చివరికి. "మమ్ముల నిలవెట్టి మర్సిపోయిండ్రు."

ఆ మాటలో కోపం లేదు. కోపం ఉంటే వినడం తేలికయ్యేది. నా కళ్లు చెమర్చాయి, దాచుకోలేదు. ఆయన అరుగు మీద నుంచి లేచి టెలిగ్రాఫ్ దగ్గరికి వెళ్లాడు. పిడిని తువ్వాలతో తుడిచాడు. బొటనవేలు ఆనే చోట ఇత్తడి అరిగి గుంట పడి ఉంది, సరిగ్గా అక్కడే బొటనవేలు పెట్టాడు. పిడిని ఖతం దాకా తిప్పాడు. వాకిట్లో గోనెసంచి కింద గంట మోగింది.

ఆయన చెయ్యి తీయలేదు. ఇంకో గంట కోసం వింటున్నట్టు అలాగే నిలబడ్డాడు. ఇంట్లోంచి చప్పుడు వచ్చింది. గంగామణి అల్మారాలోంచి గిన్నెలు ఒక్కొక్కటే దించి, మూట కట్టడానికి నేల మీద పెడుతోంది. ఆ చప్పుడు విని సాయిలు పిడి వదిలి, మెట్లు దిగి, వాకిట్లో నీళ్ల గోలెం దగ్గరికి వెళ్లాడు. గంగామణి గిన్నెలు వదిలేసి చెంబుతో బయటికి వచ్చింది. ఆమె నీళ్లు పోస్తుంటే, ఆయన మోచేతుల దాకా చేతులు కడుక్కున్నాడు.